మహమ్మారి రాకముందు రాసే లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం మొదలై మా నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల్లో జ్వరాల సర్వే రాగానే, ఈ జబ్బుల లెక్కలు ఎందుకు, ఎటు పోతాయి అని అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పన్నెండేళ్లు ఈ లెక్కలను కంప్యూటర్‌లో ఎక్కించే పని చేశాను కాబట్టి అడిగేవాళ్లు నన్నే అడుగుతారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. వరసగా చదవాల్సిన పని లేదు. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లండి.

## మొదటి సందేహాలు

మహమ్మారి ఎప్పుడొస్తుందో డేటా చూసి ముందే చెప్పగలరా?

చెప్పలేరు. ఫలానా నెలలో ఫలానా వైరస్ వస్తుందని చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు. చెరువు దగ్గర నీరటి ఉంటాడు కదా, వాన ఎప్పుడు పడుతుందో ఆయనకూ తెలియదు. కట్ట ఎక్కడ చెమ్మగిల్లిందో, తూము దగ్గర నీళ్లు ఎప్పటికంటే ఎక్కువ కారుతున్నాయో మాత్రం తెలుసు. రోజూ చూస్తాడు కాబట్టి తెలుసు. ఆరోగ్యశాఖ నిఘా చేసేది కూడా అదే పని. వచ్చిన జబ్బును నెల తర్వాత కాకుండా వారంలో పసిగట్టాలి. ఎన్ని మంచాలు, ఎన్ని మందులు, ఎంతమంది సిబ్బంది కావాలో ముందే అంచనా వేసి పెట్టుకోవాలి. ఆ కొద్ది రోజుల తేడా చిన్నదేమీ కాదు. మూడు రోజులకోసారి కేసులు రెట్టింపయ్యే జబ్బును తొమ్మిది రోజులు ముందుగా పట్టుకుంటే, అది ఎనిమిదో వంతు ఉన్నప్పుడే దాని వెంట పడొచ్చు.

అంటువ్యాధి, మహమ్మారి ఒకటేనా? ఎవరు ప్రకటిస్తారు?

ఒక ప్రాంతంలో ఎప్పుడూ ఉండేదానికంటే ఎక్కువమందికి సోకితే అంటువ్యాధి ప్రబలింది అంటాం. దేశాలు, ఖండాలు దాటి పాకితే మహమ్మారి. కోవిడ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మహమ్మారి అన్న మాట వాడింది మార్చి 11న. చాలామందికి ఆ రెండో తేదీయే గుర్తుంది కానీ, దేశాలు కదలాలని గంట కొట్టింది మొదటి తేదీనే. మన దేశంలో మొదటి కేసు కేరళ త్రిస్సూర్‌లో బయటపడింది కూడా ఆ రోజే. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న తేలింది.

మన దగ్గర ఇంతకుముందు ఇంత పెద్దది వచ్చిందా? అప్పుడు లెక్కలు రాసేవాళ్లా?

వచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి నుంచి రైళ్ల వెంట దేశమంతా పాకింది. నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) అప్పుడు నిజాం సంస్థానంలో ఉన్నాయి. 1911 జనాభా లెక్కల్లో సంస్థానం జనాభా సుమారు 1 కోటి 33 లక్షలు. 1921లో చూస్తే 1 కోటి 24 లక్షలు. పదేళ్లలో పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తగ్గారు. అదే కాలంలో కరువు, ప్లేగు కూడా ఉన్నాయి కాబట్టి అంతా ఒక్క జ్వరం మీదే వేయలేం. మా నాయనమ్మ తరంలో గత్తర (కలరా) వచ్చిందంటే ఊరు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. అప్పట్లో లెక్క ఉండేది కానీ, పోయినవాళ్లు పోయిన మూడేళ్లకు తేలేది. దాన్ని చూసి జాగ్రత్తపడటానికి అప్పటికి ఏమీ మిగలదు.

## ఊర్లో లెక్క పుట్టే చోట

మా ఊర్లో నలుగురికి జరం వస్తే పైవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

మూడు దారుల్లో తెలుస్తుంది. మొదటిది ఎస్ ఫారం. ఎస్ అంటే అనుమానం. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా చెప్పినవి, తను ఇంటింటికీ తిరిగి చూసినవి సబ్‌సెంటర్ నర్సు ఏఎన్‌ఎం రాస్తుంది. జ్వరం, దగ్గు, విరేచనాలు, దద్దుర్లతో జ్వరం, ఇలా లక్షణాల వారీగా ఉంటుంది. రెండోది పీ ఫారం. డాక్టర్ రోగిని చూసి ఇది డెంగీలా ఉంది, ఇది టైఫాయిడ్‌లా ఉంది అని రాసేది. మూడోది ఎల్ ఫారం. ల్యాబ్ పరీక్షలో తేలినవి అందులో ఉంటాయి. పీహెచ్‌సీ నుంచి జిల్లా నిఘా అధికారికి, అక్కడి నుంచి రాష్ట్రానికి, చివరికి ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి ఇవి చేరతాయి.

ఈ పద్ధతి 2004లో ఐడీఎస్‌పీ (సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం) పేరుతో మొదలైంది. చాలా ఏళ్లు వారానికోసారి కాగితాలు నింపి పంపేవాళ్లం. కాగితం జిల్లాకు చేరేలోపు జ్వరం తగ్గి మనిషి పనికి పోయేవాడు. ఇప్పుడు ఐహెచ్‌ఐపీ అనే పోర్టల్ ఉంది. 2018 నవంబర్‌లో ఏడు రాష్ట్రాల్లో మొదలుపెడితే అందులో తెలంగాణ ఒకటి. 2021 ఏప్రిల్‌లో దేశమంతా తెచ్చారు. పాత పద్ధతిలో 18 జబ్బుల మీద నిఘా ఉండేది, పోర్టల్‌లో 33కు పెంచారు. ఏ ఊర్లో కేసు వచ్చిందో మ్యాప్ మీద చుక్క పడుతుంది.

ఎవరికీ ఏమీ లేకపోతే 'సున్నా' అని ఎందుకు పంపాలి? ఊరికే టైం వేస్ట్ కదా?

ఈ పనంతటిలో నాకు ముఖ్యమనిపించేది ఈ సున్నాయే. ఖాళీ గడి ఉంటే ఆ వారం ఎవరూ చూడలేదని అర్థం. సున్నా ఉంటే వెళ్లి చూశాం, ఎవరికీ లేదని అర్థం. ఈ రెండూ కలిసిపోతే నిఘా మొత్తం గుడ్డిదైపోతుంది.

ఒక వానాకాలం మా దగ్గర ఒక సబ్‌సెంటర్ నుంచి ఆరు వారాలు వరసగా సున్నా వచ్చింది. అంతా బాగుందనుకున్నాం. తీరా చూస్తే ఆ సిస్టర్ ప్రసూతి సెలవులో ఉంది. రిపోర్టు రాలేదని గడి ఎర్రగా కనిపించకూడదని ఎవరో సున్నాలు కొట్టేస్తున్నారు. ఏడో వారం ఒకే వాడలో పదకొండు మందికి జ్వరం బయటపడింది. అప్పటి నుంచి వరస సున్నాలు కనిపిస్తే నాకు టెన్షన్.

ఈ తిరకాసుకు మందు పోలియో నిఘాలో ఉంది. పిల్లలకు ఉన్నట్టుండి కాళ్లు చేతులు చచ్చుబడటం పోలియో వల్లే రాదు, వేరే కారణాలతో కూడా వస్తుంది. పదిహేనేళ్లలోపు పిల్లలు లక్షమంది ఉంటే పోలియో లేకున్నా ఏటా కనీసం ఇద్దరైనా ఇలాంటి కేసులు దొరకాలని మన దేశంలో లెక్క పెట్టుకున్నారు. ఒక జిల్లా నుంచి అవి కూడా రాకపోతే ఆ జిల్లాను మెచ్చుకోరు, సరిగ్గా వెతకడం లేదని మనుషులను పంపుతారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. మధ్యలో ఉన్న మూడేళ్ల సున్నాను ప్రపంచం నమ్మిందంటే, ఆ సున్నా వెనుక వెతికిన గుర్తులు ఉన్నాయి కాబట్టే.

మా నాన్న ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని తగ్గించుకున్నాడు. అది లెక్కలోకి వస్తుందా?

మామూలుగా రాదు. మన జిల్లాల్లో జ్వరమొస్తే మొదట పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో. అక్కడ తగ్గిపోతే ఆ జ్వరం పుట్టినట్టే లెక్కలో ఉండదు. ప్రైవేటు ఆసుపత్రులు కూడా పోర్టల్‌లో ఎక్కించాలి కానీ అన్నీ ఒకేలా ఎక్కించవు. డెంగీ కేసులు సర్కారు లెక్కలో తక్కువ, ప్రైవేటు వార్డుల్లో ఎక్కువ కనిపించడానికి ఇదో కారణం. మంచి ఏఎన్‌ఎం ఆర్‌ఎంపీతో గొడవ పెట్టుకోదు. వారానికోసారి వెళ్లి "ఈ వారం ఎంతమంది వచ్చారన్నా?" అని అడిగి వస్తుంది. ఆయన వైద్యం మీద నాకెన్ని అభ్యంతరాలున్నా, ఊరి జ్వరం ఆయనకే ముందు తెలుస్తుందన్నది నిజం.

ముంబయి, పూణె పనికి పోయినోళ్ల లెక్క ఎవరు రాస్తారు?

పాలమూరు వాళ్లందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. చాలాసార్లు ఎవరూ రాయరు. ఊర్లో ఆశా రిజిస్టర్‌లో "వలస" అని రాసి పక్కన పెడతారు. పోయినచోట అడ్డా మీద ఉండే కూలీకి అక్కడి రిజిస్టర్‌లో ఇల్లే ఉండదు. రెండు రిజిస్టర్ల మధ్య మనిషి జారిపోతాడు. 2020 మే నెలలో వాళ్లు బస్సుల్లో, లారీల్లో, కాలినడకన తిరిగి వస్తుంటే, ఎవరు ఏ రోజు వచ్చారో, ఎక్కడి నుంచి వచ్చారో పంచాయతీ కార్యదర్శులు, ఆశాలు నోట్‌బుక్కుల్లో రాశారు. మన వైపు వలసల మీద అంత వివరమైన లెక్క అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాత ఆ నోట్‌బుక్కులు చాలావరకు మూలన పడ్డాయి. నన్నడిగితే, ఏ నెలలో ఏ మండలం నుంచి ఎంతమంది ఏ ఊరికి పోతారో రాసి పెట్టుకోవడమే పాలమూరుకు అన్నిటికంటే పెద్ద ముందుజాగ్రత్త. దసరాకు, ఎన్నికలకు, బోనాలకు తిరిగి వచ్చేది వాళ్లే. వైరస్ ప్రయాణించే దారి కూడా అదే.

## లెక్క పైకి పోయాక

ఇంత డేటాలో 'ఇక్కడ ఏదో తేడా ఉంది' అని ఎట్లా పట్టుకుంటారు?

పోల్చి చూసి. ఊహకు ఒక పీహెచ్‌సీ అనుకోండి. గత ఐదేళ్లలో ఆగస్టు రెండో వారంలో జ్వరం కేసులు 38, 45, 41, 52, 40. ఈసారి 55 వస్తే ఒక కన్నేసి ఉంచుతారు. 95 వస్తే మనుషులను పంపుతారు. అదే 55 మార్చిలో వస్తే ఆ రోజే పంపాలి, ఎందుకంటే మార్చిలో మామూలుగా పదో పన్నెండో ఉంటాయి. అంకె ఒకటే, కాలాన్ని బట్టి అర్థం మారుతుంది. కొన్నింటికి పోలికలు అక్కర్లేదు. పోలియో అనుమానమైనా, నిపా అనుమానమైనా ఒక్క కేసు చాలు. ఒకే ఇంట్లో నలుగురు పడటం, వైద్యం చేసిన నర్సుకే సోకడం కూడా గంట కొట్టే గుర్తులే.

మన దగ్గర ఈ పోలికకు ఒక ఇబ్బంది ఉంది. 2016 అక్టోబర్ 11న నల్గొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరుపడ్డాయి, షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలో కలిశాయి, 2019లో నారాయణపేట విడిపోయింది. పాత లెక్కలు పాత జిల్లాలవి. దానికితోడు చివరి జనాభా లెక్కలు 2011వి. అప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 40 లక్షలు, ఉమ్మడి నల్గొండలో దాదాపు 35 లక్షల మంది. ఇప్పుడు ఒక మండలంలో వంద కేసులు వస్తే అది లక్షమందిలో వందా, లక్షన్నరలో వందా? కింద వేసే అంకె పాతదైతే పైన వచ్చే శాతం కూడా తప్పే. 2027 జనాభా లెక్కలు వచ్చాక గానీ ఇది కుదుటపడదు.

పేపర్లో వస్తేనే అధికారులు కదులుతారంటారు, నిజమేనా?

ఎగతాళిగా అంటారు కానీ పేపర్ చదవడం వాళ్ల పనిలో భాగమే. ఐడీఎస్‌పీలో 2008 నుంచి దీనికో విభాగం ఉంది. పత్రికల్లో, టీవీల్లో "ఫలానా ఊర్లో అంతుచిక్కని జ్వరాలు" అని వస్తే జిల్లాకు పంపి నిజమేనా అని అడుగుతారు. మన పత్రికల జిల్లా పేజీల్లో రెండు కాలాల వార్త కూడా పోర్టల్ కంటే ముందు నిలబడిన రోజులున్నాయి. వూహాన్‌లో అంతుబట్టని న్యుమోనియా సంగతి ప్రపంచంలో చాలామంది డాక్టర్లకు చేరింది కూడా 2019 డిసెంబర్ 30న ప్రోమెడ్ అనే హెచ్చరికల సేవ పంపిన ఒక సందేశంతోనే.

అలాగని ఇంటర్నెట్‌లో దొరికిందల్లా పనికిరాదు. జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ అంచనా వేస్తామని గూగుల్ 2008లో ఒక పద్ధతి తెచ్చింది. 2012-13 చలికాలంలో అది ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపించింది. 2015లో మూసేశారు. టీవీలో ఫ్లూ వార్త చూసి బాగున్నవాళ్లు కూడా ఫ్లూ గురించి వెతుకుతారు కదా.

ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగుతారా?

ఆగరు, ఆగకూడదు. శాంపిల్ వెళ్లేలోపే జిల్లా నుంచి ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్ వస్తుంది. నీళ్లు, దోమలు, తిండి చూస్తారు, చుట్టుపక్కల ఇళ్లలో ఇంకెవరికైనా ఉందా అని తిరుగుతారు. రిపోర్టు ఆ తర్వాత వస్తుంది.

## మనుషులకు సోకకముందే

కోళ్లు చస్తే మనుషుల డాక్టర్లకు ఏం పని?

చాలా పని ఉంది. కొత్త వైరస్‌లు ఎక్కువగా జంతువుల నుంచి, పక్షుల నుంచే మనిషికి దాటుతాయి. మనకు ఇది దూరపు సంగతేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలం నేలపట్లలో, ఆ తర్వాతి నెలలో చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. కోళ్లు గుంపుగా చస్తే శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్‌కు పోతాయి. తేలితే చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడుస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు.

అదే సమయంలో ఫారంలో పనిచేసినవాళ్ల జాబితా ఆరోగ్యశాఖకు పోవాలి. వాళ్లకు జ్వరం, దగ్గు వస్తున్నాయేమో కొన్ని రోజులు చూడాలి. ఈ వైరస్ మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటదు. కానీ 2003 నుంచి ప్రపంచంలో సోకిన తొమ్మిది వందలకు పైగా మందిలో దాదాపు సగం చనిపోయారు. అందుకే ఒక్క మనిషి కేసునూ వదలరు. రైతు నష్టపరిహారం రాదేమోనని చచ్చిన కోళ్లను రాత్రికి రాత్రి కాలువలో వేస్తే ఈ నిఘా అంతా అక్కడే ఆగిపోతుంది. పరిహారం త్వరగా ఇవ్వడం కూడా నిఘాలో భాగమేనని నేను అంటాను. బాగా ఉడికించిన చికెన్, గుడ్డు తినడానికి భయం అక్కర్లేదు.

మురుగునీళ్లలో ఏం చూస్తారు? మన నల్గొండలో పనికొస్తుందా?

సోకినవాళ్లు టెస్ట్ చేయించుకున్నా చేయించుకోకపోయినా మరుగుదొడ్డికి పోక తప్పదు. కొన్ని వైరస్‌ల ఆనవాళ్లు మలంలో బయటికి వస్తాయి. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి శాంపిల్‌లో పోలియో టీకా నుంచి మార్పు చెందిన వైరస్ దొరికింది. ఒక్క పిల్లవాడికీ జబ్బు రాలేదు. అయినా ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయడానికి పూనుకున్నారు. 2020లో పట్నంలోని సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీళ్లు పరీక్షించి, నెల రోజులకు పైబడిన కాలంలో సుమారు 6.6 లక్షల మందికి కోవిడ్ సోకి ఉంటుందని అంచనా వేశారు. టెస్టుల్లో బయటపడిన లెక్కకు అది అందనంత పెద్దది.

మన ఊళ్లలో ఎవరి మరుగుదొడ్డికి వాళ్ల గుంత. అందరిదీ ఒకచోట కలిసే కాలువ లేదు. కాబట్టి ఈ పద్ధతి శుద్ధి ప్లాంట్ ఉన్న పట్టణాలకు, హాస్టళ్లకు, పెద్ద ఆసుపత్రులకే సరిపోతుంది. పల్లెలో ఇప్పటికీ ఆశా కాళ్లే దిక్కు.

జీనోమ్ సీక్వెన్సింగ్ వల్ల మాకేం లాభం?

అది వైరస్ జన్యువుల అమరికను పూర్తిగా చదవడం. దాంతో వైరస్ మారిందా లేదా తెలుస్తుంది. టెస్ట్ పాజిటివ్ అని మాత్రమే చెబుతుంది, ఏ రకమో చెప్పదు. 2020 డిసెంబర్‌లో ఇన్సాకాగ్ పేరుతో పది ల్యాబ్‌లను కలిపారు. అందులో హైదరాబాద్ నుంచే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. దక్షిణాఫ్రికా 2021 నవంబర్‌లో ఒమిక్రాన్ అనే కొత్త కోవిడ్ రకం గురించి చెప్పగానే డిసెంబర్ 2న మన దేశంలో దాన్ని గుర్తించగలిగింది ఈ ఏర్పాటు ఉండబట్టే. అయితే శాంపిళ్లు పట్నం ఆసుపత్రుల నుంచే పోతే పట్నం వైరస్సే కనిపిస్తుంది. అచ్చంపేట నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా పోవాలి.

## అంచనాలు, ఏర్పాట్లు

ఇన్ని లక్షల మందికి వస్తుందని మోడల్ వేసి చెబుతారు, తర్వాత అంత రాదు. అబద్ధాలా?

అబద్ధాలు కావు, కానీ చెప్పే తీరులో తప్పు ఉంది. మోడల్ చెప్పేది "ఇప్పుడున్నట్టే తిరిగితే ఇంత" అని. ఆ మాట విని జనం మాస్క్ పెట్టుకుంటే, పెళ్లిళ్లు వాయిదా వేసుకుంటే ఆ అంచనా తప్పుతుంది. తప్పాలనే చెప్పింది. మోడల్‌కు మూలం ఒక అంకె: సోకిన ఒక్కరు సగటున ఎంతమందికి అంటిస్తారు? తట్టు అయితే 12 నుంచి 18 మంది. మొదటి కోవిడ్ రకం రెండు మూడు. ఇది ఒకటి కంటే తగ్గితే వ్యాధి వెనక్కి పోతుంది. టీవీలో "శిఖరం మే 15" అని ఒక్క తేదీ చెప్పేవాళ్లను నేను నమ్మను. ఎంత నుంచి ఎంత మధ్య, ఏమేం జరిగితే అని చెప్పేవాళ్లను వింటాను.

మా నల్గొండ జిల్లాలో రక్తం తీసుకుపోయారు. దాంతో ఏం తేలింది?

అది కోవిడ్ సమయంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పెట్టిన సీరో సర్వే, అంటే రక్తంలో వైరస్ సోకిన ఆనవాళ్లు వెతికే సర్వే. తెలంగాణలో నల్గొండ, కామారెడ్డి, జనగామ జిల్లాలను ఎంచుకున్నారు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసింది. ఎవరికి జబ్బుందో పట్టుకోవడం దాని పని కాదు. తెలియకుండా ఎంతమందికి వచ్చిపోయిందో చూడటం. మొదటి విడతలో జిల్లాకు 400 మంది చొప్పున. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కలియబెట్టం కదా. కానీ చిటికెడు మెతుకులు కుండలో అన్ని వైపుల నుంచీ తీయాలి, అందుకే ఊళ్లను, ఇళ్లను చీటీ తీసినట్టు ఎంచుకుంటారు.

2020 మేలో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో 0.73 శాతం మందిలోనే ఆనవాళ్లు దొరికాయి. అయినా, అప్పుడు బయటపడిన ఒక్కో కేసుకు లోపల 80కి పైగా ఉన్నాయని లెక్క తేలింది. 2021 జూన్, జులై నాటికి దేశంలో అది 67.6 శాతం, మన మూడు జిల్లాల్లో దాదాపు 60 శాతం. అంటే డెల్టా రకం కోవిడ్ తర్వాత కూడా ఇక్కడ పదిమందిలో నలుగురికి వైరస్ గానీ టీకా గానీ తగల్లేదు. టీకాలు ఎక్కడికి ముందు పంపాలో నిర్ణయించడానికి ఇలాంటి అంకెలే ఆధారం.

ఎన్ని మంచాలు, ఎంత ఆక్సిజన్ కావాలో ఎట్లా లెక్క వేస్తారు?

60 వేల జనాభా ఉన్న మండలం అనుకోండి. ఒకే సమయంలో నూటికి ఒకరికి జబ్బు ఉంటే 600 మంది. వాళ్లలో వందకు ఐదుగురికి ఆసుపత్రి అవసరమైతే 30 మంచాలు. ఒక్కొక్కరికి నిమిషానికి 7 లీటర్ల ఆక్సిజన్ అంటే నిమిషానికి 210 లీటర్లు, రోజుకు 3 లక్షల లీటర్లకు పైనే. పెద్ద సిలిండర్‌లో పట్టేది 7 వేల లీటర్లు. అంటే ఒక్క మండలానికి రోజుకు 43 సిలిండర్లు. ఇవి నేను ఊహకు తీసుకున్న అంకెలు, జబ్బును బట్టి మారతాయి. కానీ 2021 వేసవిలో ఈ గుణకారం ముందే చేసి పెట్టుకున్న చోటికి, చేయని చోటికి తేడా ఎంతో అందరం చూశాం. 2022 డిసెంబర్‌లో, 2023 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా మాక్ డ్రిల్‌లు పెట్టింది ఇందుకే. ప్లాంట్ ఉందని కాగితంలో ఉంటే చాలదు, స్విచ్ వేస్తే గాలి రావాలి.

## మనుషులు, పేర్లు, చావులు

కోవిడ్ చావులు దాచారా?

రెండు లెక్కలను విడిగా చూడాలి. కోవిడ్ అని తేలి చనిపోయినవాళ్ల అధికారిక లెక్క 2021 చివరికి దేశంలో సుమారు 4.8 లక్షలు. మామూలు ఏడాదిలో పోయేవాళ్లకంటే ఎంతమంది ఎక్కువ పోయారు అన్నది రెండో లెక్క. 2020, 2021 కలిపి అది 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ఆ లెక్క కట్టిన పద్ధతిని భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. టెస్ట్ కాకుండా ఇంట్లో పోయినవాళ్లు, వేరే జబ్బుకు మంచం దొరక్క పోయినవాళ్లు మొదటి లెక్కలో ఉండరు. దాచడం ఎంతో నేను చెప్పలేను కానీ, రాయకపోవడం నా కళ్లతో చూశాను. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆస్తి లేని ముసలమ్మ పోతే సర్టిఫికెట్ కోసం ఎవరూ పంచాయతీకి పోరు. కారణం దగ్గర "వయసు మీద పడి" అని రాస్తే దాని నుంచి ఏ డాక్టరూ ఏమీ నేర్చుకోలేడు.

నా పేరు, ఫోన్ నంబర్, జబ్బు బయటికి పోతాయా?

పోర్టల్‌లో కేసు ఎక్కించేటప్పుడు పేరు, వయసు, ఊరు, ఫోన్ అడుగుతారు, ఎందుకంటే ఇంటికి వచ్చి చూడాలి. పై స్థాయిలో విశ్లేషణకు మాత్రం అంకెలు చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, అంటువ్యాధి సమయంలో వైద్య సేవ కోసం అనుమతి లేకుండానే వివరాలు వాడుకోనిస్తుంది. ఆ పని దాటి వాడుకోమని కాదు.

2020లో మా వైపు పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్ల జాబితా ఫొటో తీసి ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. సాయంత్రానికి ఒక కుటుంబానికి పాలు పోసేవాళ్లు రావడం మానేశారు. ఆ తర్వాత రెండు వారాలు ఆ ఊర్లో ఎవరింటికి పోయినా "మాకేం లేదమ్మా" అనే జవాబే. ఒక్క ఫొటోతో ఊరి డేటా అంతా అబద్ధమైపోయింది. జాబితా మీ చేతికి వస్తే ఇంకొకరికి పంపకండి, పెట్టినవాళ్ల మీద పీహెచ్‌సీ డాక్టర్‌కు రాసి ఇవ్వండి.

మా తండా ఇప్పుడు వేరే పంచాయతీ. కానీ కేసులన్నీ పాత ఊరి పేరు మీదే పడుతున్నాయి. ఎవరికి చెప్పాలి?

2018లో రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు వచ్చాయి, వాటిలో తండాలు ఎన్నో. ఎక్కించేవాళ్లు అలవాటుగా పాత ఊరి పేరు నొక్కితే మ్యాప్ మీద చుక్క రెండు మూడు కిలోమీటర్ల అవతల పడుతుంది. దోమల మందు కొట్టే బండి అక్కడికే పోతుంది. ముందు మీ ఏఎన్‌ఎంను అడిగి ఏ పేరు మీద ఎక్కిస్తున్నారో చూడండి. జాబితాలో తండా పేరు ఉంటే అప్పటికప్పుడే మార్చొచ్చు. లేకపోతే పంచాయతీ కార్యదర్శితో తండా పేరు, కోడ్, ఇళ్ల సంఖ్య రాయించి, సర్పంచ్ సంతకంతో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి, ఒక కాపీ జిల్లా నిఘా అధికారికి పంపండి. మా దగ్గర ఒక తండాకు ఇది జరగడానికి నాలుగు నెలలు పట్టింది. కాగితం మీద ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోవడం మర్చిపోకండి.